బేస్‌మెంట్ కబుర్లు: మామయ్య చిన్నగొంతు

ప్రతి ఏడూ ఫిబ్రవరి రెండో వారంలో మన సావనీరు సంపాదకులు ఫోన్ చేసి, "ఏమండీ, మీ బేస్‌మెంట్ కబుర్లు ఎంతవరకు వచ్చాయి? ప్రెస్సుకి ఇచ్చెయ్యాలి" అంటారు. నేను "అయిపోయిందండీ, ఫెయిర్ చెయ్యడమే మిగిలింది" అంటాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఈసారి మాత్రం ఆయన ఫోన్ రాకముందే రాసి పెట్టాను. కిందటేడు గోంగూర కుండీల గురించీ, అంతకుముందు మంచు పార గురించీ రాసి మిమ్మల్ని నవ్వించడానికి నా వంతు ప్రయత్నం చేశాను. ఈసారి అలాంటిది కాదు. మధ్యలో నవ్వొస్తే నవ్వండి, అభ్యంతరం లేదు.

మీలో చాలామంది ఇళ్ళల్లో 2014 ఉగాదికి మన సంఘం వేసిన పద్యాల సీడీ ఒకటి ఉండాలి. అట్ట మీద కిరీటం, నెమలిపించం పెట్టుకున్న కృష్ణుడి బొమ్మ. ఇప్పటి కార్లలో సీడీ పెట్టే చోటే ఉండటం లేదు కనక అది ఏ గరాజులోనో, దీపావళి దీపాల అట్టపెట్టె అడుగునో ఉంటుంది. ఆ కృష్ణుడు మా మామయ్య. మా అమ్మకి పెద్దన్న. తెనాలి దగ్గర పల్లెటూరు. పాతికేళ్ళు పద్యనాటకాలాడాడు. సీడీ అందరూ బాగుందన్నారు. దాని వెనక ఇంకో రికార్డింగు ఉందని మాత్రం మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

మామయ్య 2013 సెప్టెంబరులో ఆరు నెలల విజిటర్ వీసా మీద స్కార్‌బరోలో మా ఇంటికొచ్చాడు. అప్పటికి ఆయనకి అరవైతొమ్మిది. అత్తయ్య పోయి ఏడాది. కొడుకు బెంగుళూరులో, పల్లెటూళ్ళో ఒంటరిగా ఉంటున్నాడని మా అమ్మ బెంగపెట్టుకుని నా ప్రాణం తీస్తే టిక్కెట్టు పంపాను. దిగిన మర్నాడే వంటింట్లో నిలబడి గొంతు సవరించుకుని కృష్ణుడి పద్యం ఒకటి ఎత్తుకున్నాడు. ఫ్రిజ్ మీద గాజు గ్లాసు గణగణమంది. మా చిన్నది బిత్తరపోయి వాళ్ళమ్మ వెనక దాక్కుంది.

నా ఉద్యోగం చప్పుడు తగ్గించడం. ఫ్యాక్టరీల్లో మిషన్లు ఎంత మోత చేస్తున్నాయో కొలిచి, ఎక్కడ రబ్బరు వెయ్యాలో, ఎక్కడ గోడ కట్టాలో చెప్తాను. ఆ అలవాటుకొద్దీ ఓ రోజు మామయ్య ముందు మూడడుగుల దూరంలో మీటరు పెట్టాను. రాగం పైకెళ్ళినప్పుడు 98 డెసిబెల్స్ చూపించింది. ఒంటారియో చట్టం ప్రకారం ఎనిమిది గంటల పనిలో సగటు 85 దాటకూడదు. "మామయ్యా, నువ్వే గనక ఫ్యాక్టరీవైతే నీకు నోటీసు ఇచ్చేవాణ్ణి" అన్నాను. ఆయనకి ఆ మాట తెగ నచ్చింది. ఊళ్ళో అందరికీ ఫోన్ చేసి చెప్పుకున్నాడు.

అంత గొంతు ఊరికే రాలేదు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. పందిరి ముందు చాపల మీద కూర్చున్నవాడికీ, పొలంగట్టు మీద బండెక్కి చూసేవాడికీ మధ్య అలాంటి రెట్టింపులు నాలుగైదు ఉంటాయి. మైకులు రాలేదా అంటే వచ్చాయి. "మైకు ఉండేదిరా, కరెంటు ఉండేది కాదు" అనేవాడు మామయ్య. పద్యం మధ్యలో మైకు చచ్చిపోతే నాటకం ఆగకూడదు. అందుకని మైకు పనిచేస్తున్నా చెయ్యనట్టే పాడటం నేర్చుకున్నారు. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి, ఏ.వి. సుబ్బారావుల కృష్ణుళ్ళని చూసి పెరిగినవాడు మామయ్య. వాళ్ళంత పేరు తనకి రాలేదని తనే చెప్పేవాడు, బాధ లేకుండా. "వాళ్ళు రాని ఊళ్ళకి నేను వెళ్ళేవాణ్ణి" అనేవాడు.

అదే శరదృతువులో కింగ్ వీధిలోని ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ థియేటర్‌లో ‘లే మిజెరాబ్ల్’ ఆడుతోంది. మా ఆవిడ ఆస్పత్రిలో ఎవరో రెండు టిక్కెట్లు తక్కువలో ఇస్తామంటే కొంది. తీరా ఆ రోజు తనకి డ్యూటీ పడింది. "బాబాయిగార్ని తీసుకెళ్ళండి, నాటకమే కదా" అంది. ఇంగ్లీషు నాటకానికి మామయ్యని తీసుకెళ్ళడం ఏమిటని నేను నసిగాను. ఆయన మాత్రం పంచె ఇస్త్రీ చేసుకుని, లోపల థర్మల్ వేసుకుని, గంట ముందే సోఫాలో తయారుగా కూర్చున్నాడు.

అందులో జా వాల్జా వేషం వేసినతను రమీన్ కరీమ్లూ. 1978లో టెహరాన్‌లో పుట్టాడు, అంటే నా వయసువాడే. చిన్నప్పుడే కుటుంబంతో కెనడా వచ్చి మన పక్కనే పీటర్‌బరోలోనూ, రిచ్‌మండ్ హిల్‌లోనూ పెరిగాడు. పన్నెండేళ్ళప్పుడు స్కూలువాళ్ళు టొరంటోకి తీసుకెళ్ళి ‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ చూపిస్తే, ఆ వేషం ఎప్పటికైనా నేను వెయ్యాలి అనుకున్నాడట. వేశాడు కూడా, లండన్‌లో. ఆ కుర్రాడు ఆ రోజు చూసిన ఫాంటమ్ వేషధారి కామ్ విల్కిన్సన్. ఈ విల్కిన్సన్ దగ్గరికి మళ్ళీ వస్తాను.

కథ నేను చెవిలో చెబుతూనే ఉన్నాను. రొట్టె దొంగతనం చేసి జైలుకెళ్ళినవాడు, మంచివాడుగా మారినవాడు, అనాథ పిల్లని పెంచినవాడు. మామయ్యకి కథతో పెద్ద పనిలేకపోయింది. "ఆగరా, వాడి గొంతు విననీ" అన్నాడు. రెండో అంకంలో వీధిపోరాటం మధ్య, నిద్రపోతున్న కుర్రాడి పక్కన కూర్చుని వాల్జా దేవుణ్ణి ప్రార్థించే పాట ఒకటుంది. ఆ పాట విల్కిన్సన్ గొంతు కోసమే కట్టింది, 1985లో లండన్ ప్రదర్శనకి. పైస్థాయిలో ఉంటుంది, కానీ అరిచి పాడేది కాదు. దారం పట్టుకుని పైకి లాగినట్టు సన్నగా, మెల్లగా సాగుతుంది. రెండువేల మంది ఊపిరి బిగబట్టారు.

"ఎవరికోసంరా మొక్కుతున్నాడు?"

"కూతురు ప్రేమించిన కుర్రాడి కోసం మామయ్యా. వాణ్ణి బతికించు, కావాలంటే నన్ను తీసుకుపో అంటున్నాడు."

మామయ్య ఇంకేం అడగలేదు. పాట అయిపోయింది. చప్పట్లు మొదలవబోయే ఆ అరక్షణంలో మా వరసలోంచి "వన్స్‌మోర్!" అని పొలికేక వినపడింది. 98 డెసిబెల్స్. నేను ఆయన చొక్కా పట్టుకుని కిందకి లాగాను. ముందు వరసలో పెద్దావిడ వెనక్కి తిరిగి చూసి నవ్వింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నేలలోకి కుంగిపోవాలనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ రాత్రి ఆ నటుడికి దక్కిన అసలైన మెచ్చుకోలు అదేనేమో అనిపిస్తుంది.

డాన్ వ్యాలీ పార్క్‌వే మీద ఇంటికొస్తుంటే మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నాడు: "అంత చిన్నగా పాడి అందరికీ ఎలా వినిపించాడ్రా?"

ఇలాంటి నాటకాల్లో నటుల జుట్టులో, నుదుటి దగ్గర, కనపడకుండా చిన్న మైకు దాచిపెడతారని చెప్పాను.

"అదీ సంగతి" అన్నాడు. కాసేపాగి, "నాకూ ఓ చిన్న గొంతు ఉండేదిరా. దాన్ని ఎక్కడా పాడే అవకాశం రాలేదు" అన్నాడు.

అప్పుడు బయటపడింది. 1955లో ‘మిస్సమ్మ’ వచ్చినప్పుడు మామయ్యకి పదకొండేళ్ళు. టూరింగు టాకీసులో తొమ్మిదిసార్లు చూశాడట. కథ కోసం కాదు, అందులో ఎ.ఎం. రాజా గొంతు కోసం. చెవి పక్కన నోరు పెట్టి చెబుతున్నట్టుండే గొంతు. గోదాట్లో పడవ వెళ్ళినట్టు, తెడ్డు చప్పుడు కూడా లేకుండా. 1960లో ‘పెళ్ళి కానుక’ వచ్చింది. దానికి రాజాయే సంగీతం. పొలంలో, చెరువుగట్టు మీద, ఒక్కడూ ఉన్నప్పుడల్లా అవే పాడుకునేవాడట. పద్దెనిమిదో ఏట నాటక సమాజంలో చేరాక కంట్రాక్టరు విని, "ఇదిగో, ఈ గొణుగుడు పాటలు మానెయ్. గొంతు మెత్తబడిపోతుంది. జనం టిక్కెట్టు కొనేది కృష్ణుడి కోసం" అన్నాడట. మానేశాడు. పాతికేళ్ళు కృష్ణుడే.

నేను ఆ వారంలోనే లైబ్రరీకెళ్ళి విల్కిన్సన్ సీడీలు పట్టుకొచ్చాను. ఈయన కథ మామయ్యకి చెప్పాలనిపించింది. 1944లో డబ్లిన్‌లో పుట్టాడు, అంటే సరిగ్గా మామయ్య ఈడువాడు. నాటకాల్లోకి రాకముందు ఐర్లండులో ఊరూరా తిరిగే బ్యాండుల్లో పాడేవాడు. 1978లో తను రాసుకున్న పాటతో ఐర్లండు తరఫున పారిస్‌లో యూరోవిజన్ పోటీకి వెళ్ళి అయిదో స్థానం తెచ్చుకున్నాడు. తరవాత నాటకాల్లో ప్రపంచమంతా పేరొచ్చింది. 1989 సెప్టెంబరులో మన టొరంటో యాంగ్ వీధిలో బాగుచేసి తెరిచిన పాంటేజెస్ థియేటర్‌లో ఫాంటమ్ వేషం కట్టి నాలుగేళ్ళకి పైగా ఆడాడు. ఆ నాటకం అక్కడ 1999 అక్టోబరు దాకా పదేళ్ళు నడిచింది. మన సంఘం పాతకాపులు కొందరు ఆయన్ని చూశామని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన టొరంటోలోనే ఉండిపోయాడు కూడా.

అలాంటివాడు 2002లో ఒక ఆల్బం చేశాడు. దాని పేరు ‘సమ్ ఆఫ్ మై బెస్ట్ ఫ్రెండ్స్ ఆర్ సాంగ్స్’. నాకున్న మంచి స్నేహితుల్లో కొందరు పాటలే, అని. నాటకం పాటలతో సరిపెట్టుకోకుండా బయట ఇతరులు పాడిన పాటలు, తనకి ఇష్టమైనవి, పాడుకున్నాడు. కచేరీల్లో కూడా అంతే, బీటిల్స్, జానీ క్యాష్ పాటలు పాడతాడు. కరీమ్లూదీ అదే దారి. 2012లో ‘రమీన్’ అని సోనీవాళ్ళతో ఆల్బం చేశాడు, బ్యాంజో పట్టుకుని నాటకం పాటల్నీ పల్లెపాటల్నీ కలిపి పాడతాడు. దానికి ‘బ్రాడ్‌గ్రాస్’ అని పేరు పెట్టుకున్నాడు.

మామయ్య కారులో కళ్ళు మూసుకుని విన్నాడు. "వేషం మీదున్నప్పటి గొంతు కాదిది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక పాడుకునే గొంతు" అన్నాడు. మళ్ళీ, "ఎవరూ తిట్టలేదా?" అని అడిగాడు.

తిట్టేవాళ్ళు తిట్టారు. ఇంగ్లీషు పత్రికల్లో ఇలాంటి ఆల్బముల మీద సమీక్ష రాసేవాళ్ళ దగ్గర ఓ మాట సిద్ధంగా ఉంటుంది: నాటకం గొంతుతో పాప్ పాటలు అతికినట్టుండవు, అని. ఆ మాటలో కొంత నిజముంది. శిక్షణ పొందిన రంగస్థల గాయకుడి గొంతులో మూడువేల హెర్ట్జ్ దగ్గర ఒక పదునుంటుంది. ఆ చోట వాద్యాల శబ్దం పల్చగా ఉంటుంది కాబట్టి మైకు లేకపోయినా గొంతు దూసుకుపోతుంది. అదే పదును మైకుకి రెండంగుళాల్లో పెడితే చెవిలో గుచ్చుకుంటుంది. పాప్ పాటా, మన సినిమా లలితగీతమూ మైకులో పుట్టినవి. మైకు దగ్గరికెళ్ళేకొద్దీ కింది స్వరాలు నిండుగా వినిపిస్తాయి, గుసగుస కూడా పాటవుతుంది. నాటకంవాడు అక్కడికి రావాలంటే జీవితమంతా నేర్చుకున్నది గుమ్మం బయట వదిలి రావాలి. అందరూ వదల్లేరు. నాటకగాళ్ళ పాప్ ఆల్బముల్లో వినలేనివి నేనూ కొన్ని విన్నాను.

కానీ మన విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. తిరుపతి వేంకట కవుల పద్యాల్ని మొట్టమొదట పాడినవాడి గొంతు మీకెవరికైనా తెలుసా? నాకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఒకడు పాడిన పద్యమే తరవాతివాడు పాడతాడు. ‘వాడిది కాపీ’ అని ఎవరూ అనరు. రాగం ఎక్కడ ఎత్తాడు, ఎంతసేపు నిలబెట్టాడు, ఎక్కడ దించాడు, ఇదే చూస్తారు. పద్యానికి ఒరిజినల్ లేదు. సినిమా పాటకి ఉంది, రికార్డు మీద చెక్కి ఉంది. దాన్ని ఇంకొకరు పాడితే మనం పోలుస్తాం, వంక పెడతాం.

అదీ ఒకవైపే. స్థానం నరసింహారావుగారు రంగస్థలం మీద సత్యభామగా పాడి ఊరూరా మోగించిన పాట 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో సుశీల పాడింది. రాయబారం పద్యాలు 1967లో ‘శ్రీకృష్ణావతారం’లో ఘంటసాల పాడారు, రామారావు నోట పెట్టారు. నాటకం సొత్తు సినిమావాళ్ళు పాడితే ఆహా అన్నాం. నాటకంవాడు సినిమా పాట పాడతానంటే మాత్రం ‘ఈయనకెందుకండీ ఇది’ అంటాం. ‘అంటాం’ అని బహువచనం వేశాను కానీ, అన్నవాళ్ళలో నేనే మొదటివాణ్ణి.

నవంబరులో మన కమిటీ సమావేశంలో నేనే ప్రతిపాదించాను. మామయ్య చేత పద్యాల సీడీ చేయిద్దాం, ఉగాదికి అమ్ముదాం, వచ్చిన డబ్బు తెలుగు బడి పుస్తకాలకి వాడదాం, అని. అందరూ ఒప్పుకున్నారు. ఎనిమిది పద్యాలు ఎంచారు. ఇంటికొచ్చి చెబితే మామయ్య సంతోషించాడు. రాత్రి భోజనాల దగ్గర మెల్లగా, "ఎనిమిదీ పాడతాను. చివర్లో మూడు పాటలు కూడా పెట్టించరాదూ? మిస్సమ్మదొకటి, పెళ్ళికానుకదొకటి, పి.బి. శ్రీనివాస్‌ది ఒకటి. ఘంటసాల జోలికి పోను, ఆయన మావాడే" అన్నాడు. "చూద్దాంలే మామయ్యా" అన్నాను.

రికార్డింగు మా బేస్‌మెంటులోనే. బట్టలారేసే తాడు కట్టి రజాయిలు వేలాడదీశాను. మన సాఫ్ట్‌వేర్ మిత్రుడొకాయన కీబోర్డు మీద హార్మోనియం మోత పెట్టాడు. మొదటి సాయంత్రం అంతా వృథా. మామయ్య పాడుతున్నాడు, గొంతు బానే ఉంది, కానీ పద్యం లేవడం లేదు. నాలుగోసారి ఆపేసి, "గోడలకి పాడలేనురా" అన్నాడు. మర్నాడు ఆరు కుటుంబాల్ని పిలిచి బేస్‌మెంటు మెట్ల మీద కూర్చోబెట్టాం. పకోడీలు పెట్టాం. అప్పుడు చూడాలి ఆయన్ని! ఫర్నేసు మోత కూడా మునిగిపోయింది. సీడీలో వినపడే వన్స్‌మోర్లు కల్పించినవి కావు. మూడో పద్యం తరవాత వినపడే ఆడగొంతు మా ఆవిడది.

పాటల సంగతి ఎత్తలేదు. ఆయనా అడగలేదు.

డిసెంబరు 21 రాత్రి నుంచి 22 వరకు పడ్డ మంచువాన మీకందరికీ గుర్తుండే ఉంటుంది. చెట్ల కొమ్మలన్నీ గాజుతొడుగు వేసుకుని విరిగి తీగల మీద పడ్డాయి. టొరంటోలో మూడు లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. స్కార్‌బరోలో మా వీధి చీకటి. ఫర్నేసు గ్యాసుదే అయినా ఫ్యాను తిరగడానికి కరెంటు కావాలి కదా. పిల్లల్నీ మా ఆవిణ్ణీ మార్కమ్‌లో స్నేహితులింటికి పంపేశాను. మామయ్య కదలనన్నాడు. "కరెంటు లేని ఊళ్ళో పుట్టినవాణ్ణి, నాకేమిటి" అని మంకీ క్యాప్ పెట్టుకుని, రెండు శాలువాలు కప్పుకుని కూర్చున్నాడు. పైపులు గడ్డకడతాయేమోనని నేనూ ఉండిపోయాను.

రాత్రి పదిగంటలకి బేస్‌మెంటులోకి వెళ్ళాం, అక్కడే కాస్త వెచ్చగా ఉందని. కొవ్వొత్తి ఒకటి. ఒక్కసారిగా నాకు తట్టింది, ఏ చప్పుడూ లేదని. ఫర్నేసు లేదు, ఫ్రిజ్ లేదు, పక్కింటివాళ్ళ టీవీ లేదు, బయట కార్లు లేవు. చప్పుడు తగ్గించడమే ఉద్యోగంగా పెట్టుకున్న నేను అంత నిశ్శబ్దం ఈ దేశంలో ఎన్నడూ వినలేదు. అప్పుడప్పుడు దూరంగా ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు, గాజులు పగిలినట్టు. అంతే.

పని మీద వాడే బ్యాటరీ రికార్డరు నా సంచిలో ఉంది. తీసి ఆయన ముందు స్టూలు మీద పెట్టాను. "మామయ్యా, ఇప్పుడు పాడు. నీ మూడు పాటలు."

ఆయన నా వైపు చూశాడు. హార్మోనియం లేదు, శ్రుతి లేదు. కాసేపు ఏమీ అనలేదు. తరవాత ముందుకి వంగి, రికార్డరుకి జానెడు దూరంలో మొహం పెట్టి మొదలుపెట్టాడు. నాకు తెలిసిన గొంతు కాదది. గ్లాసులు గణగణమనే గొంతు ఎటు పోయిందో పోయింది. ముసలిగొంతు, అక్కడక్కడ గీర ఉంది. పైపన్ను ఒకటి లేదు కనక ‘స’ దగ్గర సన్నగా ఈల వస్తోంది. కానీ పదకొండేళ్ళ కుర్రాడు టూరింగు టాకీసు నుంచి ఇంటికి నడుస్తూ పాడుకుంటున్నట్టుంది. మూడో పాటకి రెండో చరణం మర్చిపోయాడు. మొదటి చరణమే మళ్ళీ పాడి, "ఇది చాలా?" అన్నాడు.

కమిటీకి ఆ పాటలు వినిపించలేదు. జనవరిలో సీడీ ప్రెస్సుకి పంపే ముందు నేనే నిర్ణయించేశాను. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ లైసెన్సు సంగతి చెప్పాను. ఒకరి పాట ఇంకొకరు పాడి సీడీ వెయ్యాలంటే రాసినవాళ్ళకీ, వరస కట్టినవాళ్ళకీ డబ్బు కట్టాలి. ఈ దేశంలో ఆ పని చూడటానికి సీఎంఆర్ఆర్ఏ అని ఒక సంస్థ ఉంది. పాత తెలుగు పాటల హక్కులు ఎవరివో వెతకడం మన వల్ల కాదు అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ సంస్థకి నేను ఫోన్ కూడా చెయ్యలేదు. అసలు సంగతి నాకు సిగ్గేసింది. మనవాళ్ళు నవ్వుతారనిపించింది. కృష్ణుడి బొమ్మ అట్ట మీద పెట్టి లోపల ఈ వణికే గొంతేమిటి అంటారనిపించింది. యాభై ఏళ్ళ కిందట ఆ కంట్రాక్టరు అన్నమాటే, కాస్త మర్యాదగా, నేనూ అన్నాను.

మామయ్యకి లైసెన్సు కథే చెప్పాను. "సరేలే నాన్నా. చట్టం ఒప్పుకోకపోతే నువ్వేం చేస్తావు" అన్నాడు. మార్చిలో వెళ్ళిపోయాడు. ఉగాదికి ఆయన ఇక్కడ లేడు కూడా.

ఆ తరవాత ఆదివారాలు ఫోన్ చేసినప్పుడు పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పి, వానలు అన్నీ అయ్యాక చివర్లో అడిగేవాడు: "ఆ పాటలు ఎవరైనా విన్నార్రా?" మొదటిసారి తడుముకున్నాను. తరవాత అలవాటైపోయింది. "ఆఁ, విన్నారు మామయ్యా. బాగున్నాయన్నారు."

"ఎవరు?"

"మన సంఘంవాళ్ళు."

"నవ్వలేదు కదా?"

"అబ్బే."

2019 వేసవిలో పోయాడు. నిద్రలోనే. నేను కర్మకి అందుకోలేకపోయాను.

రికార్డింగు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మారుతూ వచ్చింది. ఫైలు పేరు ‘టెస్ట్’ అని ఉంది. ఈ చలికాలం మా చిన్నది, ఇప్పుడు యూనివర్సిటీలో ఉంది, ఏదో వెతుకుతూ అది తెరిచింది. కిందనుంచి పాట వినిపిస్తే మెట్ల మీదే నిలబడిపోయాను. "నాన్నా, ఎవరిది ఈ వాయిస్? తాతయ్యదా? ఆయన గట్టిగా అరిచే తాతయ్య కదా?" అంది. ఇద్దరం కూర్చుని మొదటినుంచీ విన్నాం. రెండో పాట మధ్యలో నా గొంతు వినపడింది, నాకు గుర్తే లేదు: "ఇంకొంచెం గట్టిగా మామయ్యా." ఆయన ఆగలేదు. గట్టిగానూ పాడలేదు. అదే గొంతుతో, అంత చిన్నగానే, చరణం పూర్తిచేశాడు.

వారం తరవాత కమిటీకి వినిపించాను, ఈ కథంతా చెప్పి. ఎవరూ నవ్వలేదు. అధ్యక్షులవారు ఒకే ప్రశ్న వేశారు, ఇన్నాళ్ళూ ఎందుకు దాచారండీ అని. సీడీ వెయ్యడం ఇప్పటికీ లేదు, దానికి ఆ లైసెన్సు పని నిజంగానే ఉంది, ఈసారి ఫోన్ చేశాను. సభలో వినిపించడానికి ఇబ్బంది లేదు, హాలుకి సోకాన్ లైసెన్సు ఎలాగూ తీసుకుంటున్నాం.

అందుచేత ఈ ఉగాది సభలో, పిల్లల కోలాటం అయ్యాక, భోజనాలకి ముందు, మామయ్య పాట ఒకటి వేస్తున్నాం. మిస్సమ్మది. మూడు నిమిషాలు కూడా ఉండదు. ఆ కాసేపూ హాల్లో ఫ్యాన్లు ఆపమని కేర్‌టేకర్‌తో మాట్లాడాను. వంటగదిలో ఉన్నవాళ్ళు గిన్నెలు సర్దడం కాస్త ఆపితే మేలు. గొంతు చిన్నగా ఉంటుంది. నేను పెంచను. వెనక వరసలవాళ్ళు దయచేసి ముందుకొచ్చి కూర్చోండి.